మేస్త్రీ గొంతు

“నానే సాయమడిగితే రేపట్నించి నా మాట ఎవులింటారు?” గంజాం దగ్గర హుమ్మ ఊరి ఉప్పుమళ్ల మేస్త్రీ తవిటయ్యకు ఉన్న భయం ఇదొక్కటే. రోజూ తాటాకు గొడుగుతో అందరికంటే ముందు మడిలోకి దిగి, నేల గట్టిదేనా అని మడమతో తొక్కి చూసేది ఆయనే. ఆ తరువాతే కూలీలు పారలతో దిగాలి. ఒక సాయంత్రం కొత్త మడిలో బురద ఆయన కాళ్లను పట్టేసింది. ఆయన ఎవరినీ పిలవలేదు. “తూము ముయ్యండి. ఒరే అప్పయ్యా, కబుర్లాపి పార తిప్పు,” అని ఎప్పటిలాగే పురమాయిస్తున్నాడు. గాలి లేదు. తెల్లటి ఉప్పు మీద, ఎండపోయినా దించని ఆ గొడుగు కొంచెం కొంచెంగా పొట్టిదవుతోంది. “మేస్త్రీ గొంతు నేల్లోంచి వస్తందేటర్రా?” అంది కూలీల్లో ఒకతె కూర్మమ్మ. అందరూ పరుగెత్తేసరికి ఆయన చంకలదాకా దిగిపోయి, ఇంకా తూము సంగతే చెబుతున్నాడు.

మదరాసులో రసాయనశాస్త్రం చదివి, ఉప్పు పరీక్షకు వచ్చిన నేను కూడా తాడు పట్టి లాగాను. ఒడ్డున పడ్డాక ఆయన నా చెయ్యి వదల్లేదు. “మొలదాకా దిగినాక పిలుద్దావనే సూసినాను బాబూ. నోట్లోంచి పనులే వచ్చినాయి. పాదం దిగినప్పుడే పిలవాల,” అన్నాడు. ఇప్పుడు మా పాపకు ఒళ్లు కాస్త వెచ్చబడినా, వెంటనే వెళ్లి పక్కింటి బాలాంబగారి తలుపు తడుతున్నాను.