బోగుమిల్‌కి రాని భాష

పద్నాలుగేళ్ళు హాలండ్‌లో టమాటాలు కోసి, డచ్చి భాషలో ఒక్క ముక్క కూడా నేర్చుకోని మనిషి మా బోగుమిల్. అందుకు సిగ్గుపడేవాడా అంటే, అదీ లేదు.

సరిహద్దులు తెరిచాక, గుర్తింపు కార్డు జేబులో పెట్టుకుని పోలండ్‌లో బస్సెక్కి వచ్చినవాళ్ళం. ఆ గాజు షెడ్లలో పదిగంటలకే ఒళ్ళు ఉడికిపోయేది. సాయంత్రం బూట్లు విప్పడానికి కూడా ఓపిక మిగిలేది కాదు.

మేస్త్రీ రూలాఫ్ వచ్చి, "ఏడో వరుసలోకి వెళ్ళు," అంటాడు. బోగుమిల్ పాదిరీ మాట విన్నంత శ్రద్ధగా విని, మా భాషలో "అర్థం కాలేదు," అంటాడు. రూలాఫ్ ఏడు వేళ్ళు చూపిస్తే తనూ ఏడు వేళ్ళు చూపించి నవ్వుతాడు. ఇక మాతోపాటే కోత కోసే దనూతా అక్కని పిలవాల్సిందే.

అక్కకి అరవై అయిదు. మోకాళ్ళు అరిగిపోయాయి. డచ్చి మాత్రం మా అందరిలోకీ బాగా వచ్చు. ఆ చివర్నుంచి కుంటుకుంటూ వచ్చి, ఒక్క మాట చెప్పి, పెట్టెమీద కూలబడేది. రోజుకి ఇరవైసార్లు ఇదే తంతు. విసిగిపోయిన రూలాఫ్ చివరికి ఆవిడని కోత మాన్పించి, బోగుమిల్‌కి దగ్గర్లో పళ్ళు ఏరే బల్ల ముందు కూర్చోబెట్టాడు.

"గాడిదకైనా ఈపాటికి వచ్చేది అన్నా," అన్నాను.

"గాడిదకి తీరికెక్కువ," అన్నాడు.

ఒక శనివారం సంతలో తెలిసిన గొంతు వినబడి ఆగాను. చేప తాజాగా లేదని బోగుమిల్ కొట్టువాడితో పోట్లాడుతున్నాడు. గడగడా డచ్చిలో. నాకు తెలియని తిట్లు కూడా రెండు వాడాడు.

నన్ను చూసి పక్కకి లాగాడు.

"ఎవరితోనూ అనకు. మొదట్లో నిజంగానే రాదు. వచ్చిందని చెబుదామనుకునేసరికి, కోత ఆలస్యమని అక్కని తీసేసే మాట చెవినపడింది. పెన్షన్‌కి ఇంకా రెండేళ్ళుంది. నాకు భాషొస్తే ఆవిడతో వాళ్ళకేం పని?"

"అందరూ మొద్దు అంటుంటే బాధనిపించదా?"

"ఈ నడుంనొప్పిలో అదెక్కడ తెలుస్తుందిరా."

రెండేళ్ళకి అక్క పెన్షన్ తీసుకుని ఊరెళ్ళింది. మర్నాడు రూలాఫ్ వచ్చి, వేళ్ళు చూపించకుండానే, "పదకొండో వరుస," అన్నాడు. బోగుమిల్ బండి తోయబోయి ఆగాడు.

"నాకు భాషొచ్చని నీకెప్పుడు తెలిసింది?" డచ్చిలోనే అడిగాడు.

"చాలాకాలమైంది. భోజనాల దగ్గర నేను జోకు చెబితే, దనూతా నీకు చెప్పకముందే నవ్వావు."

"మరి ఊరుకున్నావేం?"

"ఆవిడ కోత ఆలస్యమని పైవాళ్ళకి రాసింది నేనే. ఆ తర్వాత నాకు మనసొప్పలేదు," అన్నాడు రూలాఫ్, నేల చూస్తూ. "సరే వెళ్ళు. అటు కాదు. అది పన్నెండు."

బోగుమిల్ బండి వెనక్కి తిప్పాడు.