కువైట్ నుంచి సర్దించిన హాలు

మైమూన్ వాళ్ల హాలు ఎంత ఉంటుందంటే, సోఫాలో కూర్చున్నవాళ్లు లేవకుండానే డైనింగు టేబులు మీది పచ్చడి గిన్నె అందుకోవచ్చు. వచ్చినవాళ్లు కూర్చునేదీ అక్కడే, అన్నాలు తినేదీ అక్కడే, వానొస్తే బట్టలు ఆరేసేదీ అక్కడే. ప్రొద్దుటూరులో కొత్తగా లేచిన వీధుల్లో ఇళ్లన్నీ దాదాపు ఇంతే. గేటుకూ మెట్లకూ పోగా మిగిలిన జాగా హాలవుతుంది. అయినా ఆ వీధిలో ఏ హాలునూ ఇన్నిసార్లు సర్దలేదు. సర్దిన చేతులు మైమూన్‌వి. సర్దించింది మాత్రం కువైట్‌లో ఉన్న ఆమె మొగుడు రహమతుల్లా.

మైమూన్ పుట్టిల్లు పులివెందుల. దూదేకుల ఇల్లు కాబట్టి నమాజు అరబ్బీలో అయినా మాటా పోట్లాటా తెలుగులోనే. వాళ్ల నాయిన ఊరూరా తిరిగి దూది ఏకి, పరుపులు కుట్టేవాడు. ఊళ్లోవాళ్లంతా ఆయన కుట్టిన పరుపుల మీద పడుకుంటే, ఆయన పిల్లలు చాప మీద పడుకునేవాళ్లు. ఆ ఇంట్లో కుర్చీ అనేదే లేదు. చాప పరిచి, దాని మీద దస్తరు గుడ్డ పరిస్తే అదే అన్నాల చోటు. చుట్టూ అందరూ మోకాళ్లకు మోకాళ్లు తగిలేట్టు కూర్చునేవాళ్లు.

ఆమెను జమ్మలమడుగులో మేనత్త కొడుకుకే ఇచ్చారు. కూతురు అఫ్సానాకు నడక వచ్చే వేళకు రహమతుల్లా ఇంటి డ్రైవరుగా కువైట్ పోయాడు. తన తండ్రి చనిపోయినప్పుడు ఒకసారి వచ్చాడు గానీ, అప్పటికి ప్రొద్దుటూరులో ఈ ఇల్లు లేదు. ఇల్లు లేవడం, పాలు పొంగించడం, ఫాతిహా చదివించడం, అన్నీ అతను ఫోన్లోనే చూశాడు. సొంతింటి గడప తొక్కకుండానే ఇంటి యజమాని అయ్యాడు.

గడప తొక్కలేదు గానీ పెత్తనానికి తక్కువ లేదు. శుక్రవారం నమాజు అయ్యాక ఫోను చేసేవాడు. అఫ్సానా ఫోనును ఫ్రిజ్జు మీద ఆనించి పెట్టేది.

"ఆ సోఫా గోడకు ఆనించినావేంది మే? వాకిలికి ఎదురుగా తిప్పు. వచ్చినోళ్లకు మొదట సోఫానే కనపడల్ల."

"తిప్పితే బీరువా తలుపు తెరుచుకోదు మామా."

"బీరువాను లోపలికి తొయ్యి. మా బాబా ఇంట్లో హాలు ఇట్లే ఉంటాది."

బాబా అంటే అతని యజమాని. అక్కడ డ్రైవర్లంతా యజమానిని అట్లాగే పిలుస్తారట. మైమూన్ కొంగు నడుముకు దోపి సోఫా తిప్పేది. బీరువా పడగ్గదిలోకి పోయింది. కుట్టుమిషను మెట్ల కిందికి పోయింది. పచ్చ కర్టెన్లు పోయి మట్టిరంగువి వచ్చాయి. ఒక వారం తిప్పిన సోఫాను మరో వారం మళ్లీ తిప్పమనేవాడు. కువైట్‌లో ఉన్నవాడికి నడుం నొప్పి ఎట్లా తెలుస్తుంది?

చివరికి డైనింగు టేబులు వచ్చింది. జమ్మలమడుగులో హబీబుల్లా అనే వడ్రంగి చేశాడు. వాకిట్లో పట్టక, కాళ్లు ఊడదీసి లోపలికి తెచ్చి మళ్లీ బిగించారు. ఇక డైనింగు టేబులు సంగతి మీకు చెప్పాలా? దాని మీద అన్నం తప్ప అన్నీ ఉంటాయి. ఇస్త్రీ బట్టలు, అఫ్సానా కాలేజీ పుస్తకాలు, ఛార్జర్లు, తలనొప్పి మాత్రలు. అతను వచ్చేలోగా మరకలు పడతాయని తల్లీకూతుళ్లు వంటింటి గడప దగ్గర కింద కూర్చునే తినేవాళ్లు. శుక్రవారం మాత్రం అవన్నీ మంచం మీదికి నెట్టి, టేబులుకు గుడ్డ పరిచి, ప్లాస్టిక్ రోజాలు పెట్టి, కుర్చీల్లో కుదురుగా కూర్చుని ఫోను ముందు తినేవాళ్లు. వాకిలికి ఎదురుగా ఉన్న కుర్చీ అతనిది. దాంట్లో మైమూన్ ఎవరినీ కూర్చోనిచ్చేది కాదు.

"ఫోటో స్టూడియో మాదిరి పెట్టుకున్నావు మైమూన్. మనుషులు కూర్చునేదెప్పుడు?" అని పక్కింటి జయలక్ష్మి టీచర్ ఒకసారి నవ్వింది. మైమూన్ కూడా నవ్వింది గానీ, ఆ మాట ముల్లులా గుచ్చుకుంది. ఆమె మనసులో ఉన్నది ఒక్కటే. హాలు అతనికి నచ్చినట్టు కుదిరితే, వచ్చిన మనిషి ఇక పోడు. ఇది ఎవరితోనూ అనలేదు. అంటే పిచ్చిది అంటారని ఆమెకూ తెలుసు.

ఈ ఏడు ఎండాకాలంలో రహమతుల్లా సెలవు మీద వచ్చాడు. వాకిట్లో చెప్పులు విడిచి, హాలంతా కలియజూసి, "శానా బాగుండాది మే," అన్నాడు. తర్వాత తలుపు వెనక ఉన్న చిన్న ప్లాస్టిక్ స్టూలు మీద కూర్చున్నాడు. అఫ్సానా షూ వేసుకునే స్టూలు అది. టీ అక్కడే తాగాడు. ప్రయాణం బడలిక అనుకుంది మైమూన్.

జమ్మలమడుగు నుంచి చుట్టాలు వచ్చి సోఫాలో సర్దుకుని కూర్చుంటే, అతను లేచి వాళ్లకు నీళ్లిచ్చి మళ్లీ స్టూలు దగ్గరికే పోయాడు. టేబులు దగ్గర కంచం పెట్టి పిలిస్తే, "ఈడ్నే తింటాలే," అని ఒళ్లో పెట్టుకుని తిన్నాడు. మరునాడూ అంతే. అతని కోసం దాచిన కుర్చీ ఖాళీగానే ఉంది. మైమూన్‌కు కోపం వచ్చింది, భయమూ వేసింది. ఇల్లు నచ్చలేదో, తను నచ్చలేదో తెలియలేదు.

అడిగే ధైర్యం కూతురికే ఉంది. "ఏంది నాయినా, గూర్ఖా మాదిరి వాకిలి కాడ్నే కూర్చుంటాండావు?"

అతను నవ్వాడు. "అలవాటు పాపా. ఆడ బాబా ఎప్పుడు పిలుస్తాడో తెల్దు. సామాను లోపల పెట్టేది, మళ్లా వచ్చి వాకిలి కాడ ఉండేది. ఆ హాల్లో నేనెప్పుడన్నా కూర్చున్నానా?"

తేలిగ్గానే అన్నాడు. వంటింట్లో సంగటి కెలుకుతున్న మైమూన్ చేయి ఆగిపోయింది. అతన్ని ఎన్నడూ కూర్చోనివ్వని హాలునే ఇన్నేళ్లూ నడుం విరిగేట్టు తనింట్లో సర్దిపెట్టింది. ఏడుపు వచ్చింది. సంగటి అడుగంటుతుందని ముందు దాన్ని దించి, ఆ తర్వాత కళ్లు తుడుచుకుంది.

హాల్లోకి వచ్చి, "లెయ్ మామా. ఆ పక్క పట్టుకో," అంది.

"యాడికి?"

"కిటికీ కిందికి. ముందు పట్టుకో."

టేబులును గోడకు జరిపారు. కుర్చీలు మిద్దె మీదికి పోయాయి. సోఫా ఎటు తిప్పాలన్న దగ్గర ఇద్దరికీ పడలేదు. అతను కుడికి అంటే ఆమె ఎడమకు అంది. ఆ లాగులాటలో అతని వేళ్లు గోడకూ సోఫాకూ నడుమ నలిగితే, "ఫోన్లో చెప్పినంత సుళువు కాదు, సూడు," అంది. అఫ్సానా పడీ పడీ నవ్వింది. పెళ్లయిన ఇన్నేళ్లకు మొగుడూ పెళ్లాలు కలిసి ఒక బరువు ఎత్తడం అదే మొదలు.

నడుమ ఖాళీ అయిన చోట చాప పరిచి, దాని మీద దస్తరు గుడ్డ పరిచి, గోడ వార తను కుట్టిన దూది దిండు వేసింది. "ఈడ కూర్చో," అంది. అతను ఒక్క క్షణం వాకిలి వైపు చూసి, వచ్చి దిండుకు ఆనుకుని కాళ్లు మడుచుకున్నాడు. సంగటి, కోడికూర పెట్టింది. ఇంకో ముద్ద వేయమని అడిగి మరీ తిన్నాడు. అతని మోకాలు ఆమె మోకాలికి తగులుతూనే ఉంది.

చేతులు కడిగాక అడిగింది. "ఇంక పోవద్దు మామా."

అతను దిండు కుట్లు తడిమాడు. "పాప సదువు అయిపోనీ మే," అన్నాడు. ఆమె గిన్నెలు తీసింది. కడుపు చేత పట్టుకుని పోయినవాడితో ఇంకేమని వాదిస్తుంది?

సెలవు అయిపోయింది. అతను పోయాక దిండు మీద వీపు ఆనిన చోట దూది అణిగి గుంట పడింది. అణిగిన దూదిని తట్టి లేపడం మైమూన్‌కు చిన్నప్పటి నుంచీ ఉన్న అలవాటు. ఆ దిండును మాత్రం తట్టలేదు. ఊడ్చేటప్పుడు కూడా చుట్టూ ఊడ్చింది.

మొదటి శుక్రవారం ఫోను వచ్చింది. అతను హాలంతా చూశాడు. "ఆ టేబులు కొంచెం ముందుకు లాగు మే. గోడకు గీతలు పడతాండాయి."

అఫ్సానా లేవబోయింది. మైమూన్ కూతురి చేయి పట్టి కూర్చోబెట్టి, ఫోను దగ్గరికి పోయింది.

"నేను లాగను మామా. గీతలు పడితే పడనీ. నువ్వొచ్చి లాగు."

అతను కళ్లు దించుకున్నాడు. అంతలో అవతల ఎవరో గట్టిగా పిలిచారు. అతను తల తిప్పి అరబ్బీలో ఒక ముక్క అన్నాడు. మైమూన్‌కు అరబ్బీ మాటలు రావు గానీ, శుక్రవారం శుక్రవారం వినీ వినీ ఆ ముక్క మాత్రం తెలుసు. వస్తున్నా అని.