అగాఫ్యా బండి వదిలిన వంపు

యూకాన్ నది గడ్డకట్టాక మా ఊరికి అదే రోడ్డు. మంచు పగిలి ఆ రోడ్డు కిందే అగాఫ్యా నాన్న తన కుక్కలతో, అవి లాగే బండితో సహా ఉండిపోయాడు. అప్పుడామెకు తొమ్మిదేళ్ళు. బడిలో వంట చేసుకునే ఆ మనిషి, ముప్ఫై ఎనిమిదో ఏట, కుక్కబండి తోలతానంది.

మంచు ప్రయాణాల పుస్తకాలు నేను బస్తాడు చదివాను. వాటిలో ఎవరూ భయపడరు. భయపడినా ఇల్లు చేరాక పొయ్యి పక్కన కూచుని తీరిగ్గా భయపడతారు. అగాఫ్యా అయితే కుక్కలకు పట్టీలు తొడిగేటప్పుడే వాంతి చేసుకునేది.

మేనమామ వసీలీకి మోకాళ్ళు పోయాయి. ఎగువ ఊరికి ఒంటరిగా వెళ్ళొస్తే ఆయన పది కుక్కలూ ఆమెవి, దూరపు కుక్కబండి పందేలూ ఆమెవి. లేదంటే మార్చిలో పట్నంవాళ్ళు వాటిని కొని తోలుకుపోతారు.

"చచ్చినా బండి పిడి వదలకు," అన్నాడాయన. "పడితే ఈడ్చుకుపోనీ. నువ్వు లేకపోతే అవి ఇంకా హుషారుగా పరిగెత్తుతాయే పిల్లా."

వెళ్ళడం బాగానే వెళ్ళింది. తిరుగుదారిలో, పట్టపగలు, నాన్న మునిగిన వంపు దగ్గర ముందుకుక్క టిల్లీ ఆగిపోయింది. దారి గుర్తుకు పాతిన కర్రలు తిన్నగా ముందుకే చూపిస్తున్నాయి. టిల్లీ ఎడమకు లాగుతోంది. ముందుకు పొమ్మని అరిచింది అగాఫ్యా. ఆ చోట నిలబడటమే ఆమెకు ప్రాణం తీస్తోంది. బండిని మంచులో కొక్కెంతో బిగించకుండానే ముందుకు పరిగెత్తి టిల్లీ మెడపట్టీ పట్టుకు లాగింది. అది విదిలించుకుని ఎడమకు దూకింది. వెనక తొమ్మిదీ దూకాయి. బండి ఆమె పక్కనుంచే వెళ్ళిపోయింది.

బూట్ల కింద గుల్లచప్పుడు. పదడుగుల అవతల, కర్ర మొదట్లో, తెల్లటి మంచు బూడిదరంగుకు తిరిగి తడిసింది. నీళ్ళు.

అగాఫ్యా బోర్లా పడుకుంది. కుక్కల అడుగులు పడ్డ చోటే అరచేతులు ఆనిస్తూ పాకింది, నాన్నని పిలుస్తూనో తిడుతూనో, ఆమెకే గుర్తులేదు. మైలు దూరంలో ఒడ్డు పొదల్లో తాళ్ళు చిక్కుపడి పదీ కూచునున్నాయి, బండి తిరగబడి.

ఇంటి దగ్గర వసీలీ కుక్కల ఒక్కో పాదం తడిమి చూశాడు. జరిగింది దాచాలనుకుంటే అగాఫ్యా దాచొచ్చు.

"పిడి వదిలేశాను మావయ్యా. నాన్న వంపు దగ్గర."

ఆయన ఎండుచేప ముక్క విరిచి టిల్లీకి పెట్టాడు.

"నేనూ రెండుసార్లు వదిలాను. మీ అత్తకి కూడా చెప్పలేదు. రేపు మళ్ళీ ఆ దారినే వెళ్ళు. ఈసారి టిల్లీ మాట విను, కుక్కలు నీవే."

మర్నాడు పట్టీలు తొడుగుతూ అగాఫ్యా మళ్ళీ వాంతి చేసుకుంది. టిల్లీ ఓపిగ్గా ఆగింది.