బుడాన్ పెట్టిన గోళ్ళరంగు చుక్క

గుంటూరు మిర్చి యార్డు వెనక షెడ్డున్న మెకానిక్ బుడాన్ ఏడో తరగతిలోనే బడికి దణ్ణం పెట్టేశాడు. కబుర్లలో మాత్రం అతన్ని మించినవాడు ఆ జిల్లాలో పుట్టలేదు. తను బాగుచేసిన లారీ ఒకటి, డ్రైవరు భోంచేసేలోపు ఒంటరిగా పిడుగురాళ్ల వెళ్ళి సున్నం ఎత్తుకొచ్చిందనేవాడు. నమ్మనివాళ్ళకి సున్నం కూడా చూపించేవాడు.

రెండువేల ఒకటిలో పెదకాకాని రైతు యలమందయ్య తన ముసలి అంబాసిడర్‌ని తీసుకొచ్చాడు. కిందటేడు కోటప్పకొండ రెండో మలుపులో ఆగిపోయి, పట్టుచీరలో ఉన్న ఆయన భార్య కోటేశ్వరి చేత కూడా తోయించుకున్న ఘనత దానిది.

"ఒరేయ్ బుడాన్, ఈసారి కొండెక్కకపోతే పాత ఇనుముకి అమ్మేస్తా."

బుడాన్ చప్పున బానెట్ మీద చెయ్యేశాడు. అతను పని నేర్చుకున్న మొదటి బండి అదే.

"ఎక్కకపోతే నా షెడ్డు బోర్డు పీకేస్తానండీ!" అనేశాడు.

జబ్బు అతనికి తెలుసు. వాల్వుల్ని తెరిచే క్యామ్‌షాఫ్ట్ చెయిన్ సాగిపోయింది. వాల్వులు ఆలస్యంగా తెరుచుకుని, ఎత్తులో లాగుడు చాలడం లేదు. కొత్త చెయిన్ వేసి, క్యామ్ చక్రాన్ని పట్టి ఉంచే 'కీ' అనే చిన్న ఇనపముక్కని ఓ పక్క అరగదీస్తే వాల్వులు వెంట్రుకవాసి ముందే తెరుచుకుంటాయి. చక్రాల్ని సరిగ్గా కలపడానికి కంపెనీ పెట్టిన గుర్తులు ఎప్పుడో అరిగిపోయాయి. అందుకే విప్పేముందు చెయిన్ తిరిగే రెండు చక్రాల మీదా తన భార్య షాజాదీ గోళ్ళరంగుతో ఒక్కో చుక్క పెట్టుకుని, కీ పట్టుకుని లేత్ షాపుకి వెళ్ళాడు.

ఆరోజు శుక్రవారం. భర్తతో షెడ్డుకొచ్చిన కోటేశ్వరికి విప్పిన ఇంజను చూసి భక్తి పొంగింది. చక్రాలకి తలా మూడు కుంకుమ బొట్లు పెట్టి దణ్ణం పెట్టుకుంది. నూనెలో నానిన బొట్లు అచ్చం గోళ్ళరంగులాగే మెరిశాయి.

బుడాన్ వచ్చి, పిడుగురాళ్ల లారీ కథ చెబుతూ ఎరుపుకి ఎరుపు కలిపి బిగించేశాడు. స్టార్ట్ చేయగానే సైలెన్సర్‌లో ధన్‌మని పేలింది! యార్డులో హమాలీలు మిర్చి బస్తాలు వదిలేసి పరుగు.

"బోర్డు నువ్వు పీకుతావా, నన్ను పీకమంటావా?" అన్నాడు యలమందయ్య.

బుడాన్ చెమటలు కక్కుతూ మళ్ళీ విప్పాడు. ఒక్కో చక్రానికి నాలుగు చుక్కలు!

"ఇవెవరు పెట్టారు?"

"నేనే నాయనా, మంచి జరగాలనీ..."

బుడాన్ నవ్వాపుకోలేక బొటనవేలితో ఒక్కో చుక్కా రుద్దాడు. చెదిరిపోయినవి అమ్మగారివి, చెక్కుచెదరనిది షాజాదీది. ఈసారి ఆ రెండు చుక్కలే కలిపి బిగించాడు.

ఆదివారం కొండ ఎక్కుతుంటే కోటేశ్వరి చెప్పులు చేత్తో పట్టుకుని తోయడానికి సిద్ధంగా కూర్చుంది. బుడాన్ లారీ కథని మధ్యలోనే ఆపి ఇంజను చప్పుడుకి చెవి ఒగ్గాడు. రెండో మలుపు వచ్చింది. అంబాసిడర్ గుర్రుమని, ఎక్కేసింది!

పైన యలమందయ్య బానెట్ నిమిరాడు. "నిన్నెవడికి అమ్ముతానే!"

కోటేశ్వరి కుంకుమ భరిణ తీసింది. బుడాన్ బానెట్‌ని రెండు చేతులా అదిమిపట్టాడు.

"బయట ఎన్నైనా పెట్టండమ్మా, లోపల మాత్రం ఒక్కటి కూడా వద్దు!"

ఇప్పుడడిగితే, ఆ కారు కొండ దాటి ఇంకా పైకి పోతానంటే తాడేసి కట్టామంటాడు బుడాన్. తాడు కూడా చూపిస్తాడు.