మూడూళ్ళు వాకబు చేసిన కడుపు

నాన్న వెన్నులో గడ్డకు ఆపరేషన్ చేశారు. మొత్తం తీయడం కుదరలేదు, మిగిలింది నొప్పి పెడుతూనే ఉంటుందన్నారు డాక్టరు. ఆ నొప్పికి మార్ఫిన్ మాత్రలు రాసి, వాటితోపాటు ఒక విరేచనాల సిరపు కూడా రాశారు. రేపల్లెలో ఉండే నాన్నను తెనాలిలో మా ఇంటికి తెచ్చుకున్నాను. ఆయన వెనకే బాపట్ల నుంచి మేనత్త దిగింది. నాన్నకు అక్క. ఆమెతోపాటు పథ్యమూ దిగింది.

నాన్న సముద్రం మీద బోటు నడిపిన మనిషి. వల తాడు తెగి చెయ్యి చీరుకుపోయినా “నొప్పి” అన్న మాట ఆయన నోట మేమెవరమూ వినలేదు. అలాంటి మనిషి మాత్ర వేసుకుని మధ్యాహ్నం హాయిగా నిద్రపోతుంటే చూసి నాకు ఏడుపొచ్చింది.

అత్తయ్యకు మాత్రం సిరపు సీసా చూసి కోపమొచ్చింది.

“ఏంటే ఇది? ఆపరేషనైన మనిషికి విరేచనాల మందా? ఉన్న కాస్త ఓపికా పోద్ది.”

“డాక్టరుగారు రాశారత్తయ్యా.”

“రాస్తాడు. ఆయనదేం పోయింది, కడిగేది మనం.”

సీసా ఫ్రిజ్ మీద కొలువుదీరింది. ఇక వంటింట్లో అత్తయ్య చట్టం అమల్లోకి వచ్చింది. పప్పు తింటే కుట్లు చీము పడతాయి. ఆకుకూర వాతం. మజ్జిగ చలవ. నీళ్ళు ఎక్కువ తాగితే పుండు ఆరదు. అన్నీ పోగా మిగిలింది పాతబియ్యపు అన్నం, వెల్లుల్లి కారం. నీళ్ళు మాత్ర గొంతు దిగడానికి సరిపడా. ఊళ్ళో కాలువ నిండుగా పారుతుంటే మా ఇంట్లో నాన్న ఒక్కడికి కరువొచ్చింది.

కొద్ది రోజుల్లో ఆయన కడుపు రాయిలా బిగుసుకుపోయింది. అక్కడి నుంచి మొదలైంది పరామర్శ. మావాళ్ళు రోగిని చూడటానికి వస్తే ముందు పళ్ళు పెడతారు, తర్వాత “అయిందా?” అంటారు. ఏమిటని ఎవరూ చెప్పరు, ఎవరికీ చెప్పక్కర్లేదు. ఎదురింటి రిటైర్డ్ మాష్టారు గేటు దగ్గరే ఆగి, “నాన్నగారికి అయిందా అమ్మా?” అనేవారు. “లేదండి,” అని నేను చెబితే, పరీక్ష తప్పిన పిల్లను చూసినట్టు చూసి వెళ్ళిపోయేవారు. రేపల్లె నుంచి మామయ్య, అంటే అమ్మ తమ్ముడు, స్పీకర్ పెట్టి మరీ అడిగేవాడు. నేను లేదనగానే అక్కడ ఇంటిల్లిపాదీ ఉసూరుమనడం వినిపించేది. ఫోనుతో సరిపెట్టక ఆయన కొల్లూరు లంకల అరటిపళ్ళు సంచీడు మోసుకుని రైల్లో వచ్చేవాడు. బాపట్ల నుంచి అత్తయ్య కోడలు ఇసబ్‌గోల్ పొట్టు పంపింది. గ్లాసుడు నీళ్ళలో కలపాల్సిన దాన్ని అత్తయ్య పుండు మీద భయంతో నాలుగు చెంచాల నీళ్ళలో కలిపి జిగురులా పెట్టింది. అది లోపలికెళ్ళి ఉబ్బి, మామయ్యలాగే, కూర్చున్న చోటు నుంచి లేవలేదు.

ఒక ఉదయం దుప్పటి మారుస్తుంటే దిండు కింద నొప్పి మాత్రలు కనిపించాయి. నాన్న మింగడం మానేశాడు.

“ఇవేంటి నాన్నా?”

“అవి వేసుకున్నకాడి నుంచే కదా ఇదంతా. ఒంట్లో బాధ నేను పడతానులే. ఈ అడగటాలు పడలేనమ్మా.”

పళ్ళు బిగబట్టి గోడ వైపు తిరిగాడు. నాకు ఒళ్ళు మండిపోయింది. ఊళ్ళ మీద, పథ్యం మీద, నోరు మూసుకున్న నా మీద కూడా. అప్పటికప్పుడు ఆటో పిలిచి డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాను. అత్తయ్యా ఎక్కింది.

డాక్టరు పొట్ట నొక్కి చూసి, “సిరపు ఇస్తున్నారా?” అన్నారు. అత్తయ్య ఫ్యాను వైపు చూసింది. సీసా సంగతీ, పొట్టు సంగతీ నేనే చెప్పాను.

“ఈ నొప్పి మందు పట్టుకునే చోట్లు మెదడులోనే కాదమ్మా, పేగు గోడల్లోనూ ఉంటాయి. అక్కడ పట్టుకుంటే పేగు కదలడం తగ్గుద్ది. లోపలున్నది నిలిచేకొద్దీ దాంట్లో తడంతా పేగు పీల్చేసుకుంటది. మత్తు, వికారం కొన్నాళ్ళకి అలవాటైపోతాయి. పేగుకి మాత్రం ఈ మందు అలవాటవదు. అందుకే మాత్ర ఉన్నన్నాళ్ళూ సిరపు ఉండాలి. నీళ్ళు బాగా తాగించండి. పొట్టు ఆపేయండి, కదలని పేగులో అదే అడ్డం పడుద్ది. అసలిది నల్లమందు జాతి మందు.”

అత్తయ్య తల ఎత్తింది.

“నల్లమందా? మా చిన్నప్పుడు నీళ్ళ విరేచనాలు పట్టుకుంటే మా నాయనమ్మ ఆవగింజంత నల్లమందు పెట్టేదండి. ఇట్టే కట్టేసేది.”

“అదేనమ్మా ఇది,” అన్నారు డాక్టరు.

అక్కడే నర్సు ఎనిమా ఇచ్చి ఆ పూటకు గండం గట్టెక్కించింది. అత్తయ్య ఇంటికొచ్చి సీసా తనే దించింది. పథ్యం రద్దయిందని ప్రకటించలేదు గానీ పప్పు మాత్రం వండింది.

తర్వాత, సిరపు పని మొదలుపెట్టాక, నాన్న గోడ పట్టుకుని బాత్రూములోంచి బయటికి వచ్చేసరికే అత్తయ్య ఫోనులో ఉంది. “అయిందిరా!” బాపట్ల అయ్యాక రేపల్లె. ఎదురింటి మాష్టారు గోడ మీదుగా “శుభమండి” అన్నారు.

“నా పెళ్ళి కుదిరినప్పుడు కూడా ఇంతమంది సంతోషించలేదు,” అన్నాడు నాన్న.

ఆ ఆదివారం మామయ్య మళ్ళీ పళ్ళ సంచితో వచ్చాడు. చెప్పులు విడుస్తుండగానే నాన్న మంచం మీంచి గట్టిగా అడిగాడు.

“ఏం బామ్మర్దీ, నీకివాళ అయిందా?”

మామయ్య బిక్కచచ్చిపోయాడు. “అదేం అడగటం బావా, ఆడోళ్ళ ముందు!”

“నన్నడిగినప్పుడు వీళ్ళంతా ఎక్కడికెళ్ళారు?”

నేను పకపకా నవ్వాను. నాన్నా నవ్వబోయి, నడుము పట్టుకుని ఆగిపోయాడు. కాసేపటికి నా వైపు చెయ్యి చాపాడు.

“ఆ మాత్ర ఇటియ్యమ్మా. నొప్పిగా ఉంది.”

అత్తయ్య గ్లాసు నిండా నీళ్ళు తెచ్చింది.