అత్తయ్య ఎంచుకున్న చిన్న చక్రాలు

మా మేనత్త పోయిందన్న కబురు ఆవిడ పక్కింటావిడ ఫోన్లో చెప్పింది. "నిద్దట్లోనే అండి, ఏ బాధా పడలేదు" అంది. అలా చెప్పి నన్ను ఓదార్చాననుకుంది పాపం. బాధపడకుండా పోవడం పోయినవాళ్ళకి మంచిదే. మా అత్తయ్య ఎవరికీ చెప్పకుండా వెళ్ళిపోయిందని నాకు మాత్రం ఇప్పటికీ కోపంగానే ఉంది.

రాజమండ్రిలో ఉండే పాఠకులు ఆవిణ్ణి చూసే ఉంటారు. డెబ్బై దాటిన మనిషి, నేత చీర కొంగు నడుముకి బిగించి, రెండు సీట్ల ఎర్ర స్పోర్ట్స్ కారు నడుపుకుంటూ వెళ్తుంటే చూడకుండా ఎలా ఉంటారు? బ్యాంకు ఉద్యోగం నుంచి రిటైరయ్యాక, కాకినాడలో ఎవరో అమ్ముతుంటే కొనుక్కుంది. అప్పటికే అది పాత బండి. "ఈ వయసులో ఇదేంటే?" అని మా నాన్న అడిగితే, "ఆ వయసులో ఎవరు కొనిపెట్టారు అన్నయ్యా?" అంది.

అలాంటి బండి కొనుక్కుని ఏనాడూ వేగంగా నడపలేదు. వెనకనుంచి లారీ హారన్ కొడితే పక్కకి తప్పుకుని, "వెళ్ళు నాయనా, వెళ్ళు" అనేది. పక్క సీట్లో కూర్చుని నేను విసుక్కునేదాన్ని. "దారిచ్చినవాళ్ళకి దారి తరిగిపోదే" అనేది నవ్వుతూ.

కీళ్ళ జబ్బు ముందు మోకాళ్ళకి వచ్చింది, తర్వాత మణికట్లకి పాకింది. బండి కొన్నాళ్ళు షెడ్డులోనే ఉండిపోయి టైర్లు పగుళ్ళిచ్చాయి. అందరం ఇక ఆ ముచ్చట తీరిపోయిందనుకున్నాం. ఆవిడ మాత్రం కొత్త టైర్లు వేయిద్దాం రమ్మని నాకు ఫోన్ చేసింది.

నాకో ఆలోచన వచ్చింది. ఆ కారు నేలకి అంటుకుపోయినట్టుంటుంది. అందులోంచి లేవాలంటే నాకే నడుము పట్టేస్తుంది. పెద్ద చక్రాలు వేయిస్తే కాస్త ఎత్తు లేస్తుంది, ఆవిడ మోకాళ్ళకి సుఖం కదా అనుకున్నాను. టైర్ల షాపాయన కూడా నాకే వంతపాడాడు. "ఆయ్, పదమూడు అంగుళాలవి తీసేసి పద్నాలుగు వేసేద్దామండి. వెడల్పు టైరు పడితే బండి లుక్కే మారిపోద్దండి. కాకపోతే టైరు పెరిగినదాంట్లో సగమే బండి లేస్తుందండి" అన్నాడు.

ముందు రెండు చక్రాలూ బిగించి చూపించాడు. నిజంగానే ముచ్చటగా ఉంది. ఇద్దరం పట్టుకుని అత్తయ్యని కూర్చోబెట్టాం. ఆ కారుకి పవర్ స్టీరింగ్ లేదు. రెండు చేతులతోనూ తిప్పబోయింది. వెడల్పు టైర్ల బరువుకి స్టీరింగ్ కదల్లేదు. పెదవి కరుచుకుని మళ్ళీ తిప్పింది. తర్వాత చేతులు తీసి ఒళ్ళో పెట్టుకుని వాటినే చూసుకుంటూ కూర్చుంది. ఆవిడ మొహం అలా వాడిపోవడం నేనెప్పుడూ చూడలేదు.

"తీసెయ్యండి. బండితో వచ్చిన సైజే వెయ్యండి, సన్నటివి" అంది షాపాయనతో.

"మరి మోకాళ్ళ సంగతేంటి అత్తయ్యా? ప్రతిసారీ మనిషి పట్టుకోవాలి."

"పట్టుకోండి. ఎక్కించడానికీ దించడానికీ మీరున్నారు. తిప్పడం మాత్రం నేనే తిప్పుకోవాలి కదే."

పాత రిమ్ములకే సన్నటి కొత్త టైర్లు తొడిగించాం. చక్రాల కింద నాలుగు నిమ్మకాయలు పెట్టి, మర్నాడు కాలవ గట్టు మీదుగా కడియం వెళ్ళాం. కడియంలో వంతెన దగ్గర, రెండు ఆటోలు ఆగి చూస్తుండగా, ముందుకీ వెనక్కీ పోనిచ్చి బండిని తనే ఇంటివైపు తిప్పుకుంది. చెమటలు పట్టేశాయి. "చూశావా?" అంది. చూశానన్నాను. ఇంకాస్త గట్టిగా చెప్పి ఉండాల్సింది, ఆవిడ అంత సంతోషంగా ఉంది.

వచ్చే వారం పెద్దాపురం మరిడమ్మ తల్లి దగ్గరికి వెళ్దామంది. ఆ వారం రాకుండానే పక్కింటావిడ ఫోనొచ్చింది.

పెద్దకర్మ అయ్యాక చుట్టాలు కారు గురించి మాట్లాడుకున్నారు. ధర కట్టమని ఎవరో టైర్ల షాపాయన్ని కూడా పిలిపించారు. ఆయన ముందు చక్రం దగ్గర గొంతుక్కూర్చుని, టైరు మీద చెయ్యి వేసి, "నూగు కూడా పోలేదండి" అన్నాడు. లేచి గుమ్మం బయటికి వెళ్ళి నిలబడ్డాడు.

అందరూ భోజనాలకి లేచాక నేను వెళ్ళి తడిమి చూశాను. కొత్త టైరుకి ఉండే సన్నటి రబ్బరు నూగు అంచుల్లో అలాగే ఉంది, వేళ్ళకి గుచ్చుకుంది. మధ్యలో మాత్రం, కడియం వెళ్ళి వచ్చినంత మేర, నూగు అరిగి నున్నగా ఉంది.