ఆకు కొరికి చూసే మనిషి

పోయిన మంగళవారం మా పెద్దమ్మ పోయింది. ఫోన్ చేసిన అన్నయ్య, అంటే ఆవిడ కొడుకు, కాసేపు ఏడ్చాడు. ఏడుపు ఆగిందో లేదో, "ఆ గడ్డిచేలో ఈ ఏడన్నా మిరప పెట్టాలి" అన్నాడు. నాకు ఏడుపు రాలేదు, ఒళ్లు మండింది.

ప్రత్తిపాడు దగ్గర పెద్దమ్మకు రెండెకరాలు, నలభై గొర్రెలు. మా వైపు పత్తి తీతలయ్యాక చేలోకి గొర్రెల్ని తోలతారు. ఆకు వాటికి మేత, పెంటికలు చేనుకు ఎరువు. తోలేముందు, పురుగుమందు ఉందేమోనని పెద్దమ్మ ఒక ఆకు తుంచి కొరికేది. నాలుక చురుక్కుమంటే ఉమ్మేసి, మందను వెనక్కి మళ్లించేది.

"విషం పెద్దమ్మా, నోట్లో పెట్టుకోకు" అని కసిరితే, "మరి వాటి నోట్లో పెట్టొచ్చా?" అనేది.

చేతిలో కర్ర ఉండేది గానీ గొర్రె మీద పడగా నేను చూడలేదు. మాంసానికేనని తెలిసే అమ్మేది. "ఎట్టాగూ చచ్చిద్ది. బతికినన్నాళ్లన్నా బతకనీండ్రా" అనేది. పాలు మరవని పిల్లను బేరమాడిన వాళ్లకు మాత్రం చీవాట్లే.

మూడేళ్ల కిందట మా చేలోకి మంద తోలుకుంటానంది. కౌలుకు చేసే ఆయన్ని అడిగితే, "మందు కొట్టి చాన్నాళ్లైందండీ" అన్నాడు. నేను పెద్దమ్మతో, "నెల దాటింది, తోలుకో" అన్నాను. చాన్నాళ్లను నెల చేసింది నేనే. గ్యాస్ కట్టానా లేదా అని మూడుసార్లు చూసుకునే నాకు ఆ రోజు సందేహమే రాలేదు.

సాయంత్రానికి తొమ్మిది గొర్రెలు నురగలు కక్కి చచ్చాయి. పరిగెత్తుకెళ్లి ఆవిడ మీదే అరిచాను, "ఆకు ఎందుకు కొరికి చూడలేదు?" అని.

"నువ్వు చెప్పాక కూడా కొరికితే, నిన్ను నమ్మనట్టేగదే" అంది.

ఆ తర్వాత ఎవరి పత్తిచేలోనూ అడుగుపెట్టలేదు. తన మిరప మానేసి రెండెకరాల్లోనూ మేతకు గడ్డి, పిల్లిపెసర చల్లింది. "ఏం పిన్నీ, ఇక గడ్డి తింటావా?" అని పక్క చేలవాళ్లు గట్టు మీద నవ్వారు. "తినేవాళ్లున్నార్లేరా" అంది.

ఆ నవ్విన వాళ్లే మొన్న దండ వేసి, మూగజీవాల తల్లి అన్నారు. బతికుండగా, తన గట్టు పక్కన మందు కొట్టేముందు ఒక్క మాట చెప్పండ్రా అని బతిమాలితే ఒక్కడూ చెప్పలేదు. ఆ మాట అక్కడే అనేశాను. అన్నయ్య అడ్డొచ్చాడు.

"తొమ్మిదింటిని చంపినదానివి, నువ్వా చెప్పేది?"

"చంపాను కాబట్టే చెప్తున్నా. ఆ గడ్డి దున్నొద్దు."

"అంత ప్రేముంటే నీ చేలో మేపుకో."

"సరే" అన్నాను. కోపంలో అన్న మాటే. అయినా కౌలు ఆపించాను. అన్నేళ్లు మందు తాగిన నేలలో విషంలేని గడ్డి ఎప్పటికి మొలుస్తుందో, నావల్ల అవుతుందో కాదో తెలియదు. అది మొలిచేదాకా పెద్దమ్మ చేను దున్ననని అన్నయ్య విసుక్కుంటూ ఒప్పుకున్నాడు.

మర్నాడు పొద్దున మందను పెద్దమ్మ చేనుకు నేనే తోలుకెళ్లాను. ముందు నడిచే ముసలి గొర్రె గట్టు మీద ఆగింది. వెనకవన్నీ ఆగాయి. అదిలించినా కదల్లేదు. నా నోటి వంకే చూస్తోందనిపించింది. భ్రమే కావచ్చు.

వంగి ఒక పిల్లిపెసర ఆకు తుంచి కొరికాను. పచ్చి వాసన, కాస్త వగరు. మింగాను. అప్పుడు గొర్రె గట్టు దిగింది.